ఆత్మగౌరవ వివాహం: చట్టం చూడని భార్య

కులానికీ చట్టానికీ ఉన్న సంబంధం గురించి పాఠం చెప్పిన ప్రతిసారీ విద్యార్థుల నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. వేర్వేరు కులాలకు చెందిన ఇద్దరు, పురోహితుడు లేకుండా, మిత్రుల ఎదుట దండలు మార్చుకుని కాపురం పెడితే చట్టం దృష్టిలో వారు భార్యాభర్తలా, కేవలం సహజీవనం చేస్తున్నవారా? దీనికి ఒకే జవాబు చెప్పడం కుదరదు. ఆ ఇద్దరూ హిందూ చట్టం పరిధిలోకి వచ్చేవారై, వారి పెళ్లి చెన్నైలో జరిగితే వారు భార్యాభర్తలు. అదే పెళ్లి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జరిగితే, అది తమ కులాచారమని నిరూపించుకోలేనంత కాలం వారి హోదా సందేహాస్పదమే. పుదుచ్చేరి పాలనలో ఉన్న మన తెలుగు యానాంలో చెల్లే పెళ్లి, ఆ ఊరి పొలిమేర దాటి ఆంధ్రప్రదేశ్‌లో జరిగితే చెల్లుతుందన్న హామీ లేదు. ఒకే దేశం, ఒకే హిందూ వివాహ చట్టం ఉండగా ఇంత తేడా ఎలా వచ్చింది? ఈ తేడా వెనుక ఒక మనిషి సాగించిన నాలుగు దశాబ్దాల పోరాటం ఉంది. ఆయన పెరియార్ ఇ.వి. రామసామి. నాస్తికుడిగా, బ్రాహ్మణాధిపత్య వ్యతిరేకిగా ఆయన మనకు తెలుసు. భార్య అనే చట్టబద్ధమైన హోదాను ఎవరు ఇవ్వాలి, పురోహితుడా, కులమా, ప్రభుత్వమా, ఆ ఇద్దరు మనుషులా అన్న ప్రశ్నతో జీవితాంతం తలపడిన వ్యక్తిగా మాత్రం ఆయన మనకు అంతగా తెలియదు.

1879 సెప్టెంబరు 17న ఈరోడ్‌లో సంపన్న వర్తక కుటుంబంలో రామసామి జన్మించారు. తండ్రి వెంకటప్ప నాయకర్ కూలిపని నుంచి వ్యాపారిగా ఎదిగినవాడు. కుటుంబం వైష్ణవ భక్తి సంప్రదాయానికి చెందినది. ఇంట్లో పండితుల పురాణ కాలక్షేపాలు జరుగుతుండేవి. కన్నడం, తెలుగు, తమిళం మూడూ ఆయనకు వచ్చు. డబ్బుంది, ఊళ్లో పలుకుబడి ఉంది, అయినా శాస్త్రం దృష్టిలో ఆ ఇల్లు శూద్రుల ఇల్లే. ఇంటికి వచ్చి దక్షిణ పుచ్చుకునే పండితుడు ఆ ఇంట నీళ్లు ముట్టడు. ఈ వైరుధ్యం బాల్యంలోనే ఆయన కంటపడింది.

1898లో ఆయనకు నాగమ్మతో పెళ్లయింది. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్లు, ఆమెకు పదమూడు. పెళ్లి సంప్రదాయబద్ధంగానే జరిగింది. ఆ దంపతులకు పుట్టిన ఒకే ఒక్క ఆడబిడ్డ కొద్ది నెలలకే కన్నుమూసింది. తరువాతి కాలంలో నాగమ్మ మెడలోని తాళిని ఆయన తీయించిన ఉదంతం జీవితచరిత్రలు అన్నింటిలో కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యమైనది ఆయన మేనకోడలి విషయం. చిన్నతనంలోనే భర్త పోయిన ఆ బాలికకు, బంధువుల ఆగ్రహాన్ని లెక్కచేయకుండా ఆయన మళ్లీ పెళ్లి చేయించారు. ఏ ఉద్యమంలోనూ చేరకముందే, ఏ వేదికా ఎక్కకముందే జరిగిన సంగతి ఇది. వివాహం అన్నది స్త్రీ జీవితం మీద ఇతరులకు దక్కే అధికారంగా ఎలా మారుతుందో ఆయన మొదట తన ఇంట్లోనే చూశారు.

ఈరోడ్ పురపాలక సంఘ అధ్యక్షుడిగా పనిచేసి, 1919లో ఆయన కాంగ్రెస్‌లో చేరారు. ఖద్దరు ప్రచారంలో, కల్లు దుకాణాల పికెటింగ్‌లో ముందు నిలిచారు. 1921లో నాగమ్మ, ఆయన చెల్లెలు కన్నమ్మ ఆ పికెటింగ్‌కు నాయకత్వం వహించారు. 1924లో వైకోంలో ఆలయం చుట్టూ ఉన్న వీధుల్లో అవర్ణులకు నడిచే హక్కు కోసం సాగిన సత్యాగ్రహంలో రామసామి జైలుకు వెళ్లారు. అదే కాలంలో చేరన్‌మాదేవి గురుకులంలో బ్రాహ్మణ విద్యార్థులకూ బ్రాహ్మణేతర విద్యార్థులకూ వేర్వేరు పంక్తుల్లో భోజనం పెట్టడం పెద్ద వివాదమైంది. 1925 నవంబరులో కాంచీపురంలో జరిగిన కాంగ్రెస్ మహాసభలో బ్రాహ్మణేతరుల ప్రాతినిధ్యంపై తన తీర్మానానికి చోటు దక్కకపోవడంతో ఆయన పార్టీ నుంచి బయటకు వచ్చారు. అదే సంవత్సరం మొదలైన కుడి అరసు పత్రికే ఆత్మగౌరవ ఉద్యమానికి వేదిక అయింది.

శూద్రుడు అన్న పదం మీద పెరియార్‌కు ఉన్న ఆగ్రహం ఆ పత్రిక సంచికలన్నిటా పరుచుకుని ఉంటుంది. ధర్మశాస్త్రాలు శూద్రుడిని సేవకుడిగా, దాసికి పుట్టినవాడిగా చూస్తాయని, ఆ శాస్త్రాలనే మంత్రాలుగా చదివించుకుని పెళ్లి చేసుకునే శూద్రుడు తన అవమానానికి తానే దక్షిణ చెల్లిస్తున్నాడని ఆయన పదేపదే చెప్పారు. ఇది కేవలం ప్రచారకుడి అతిశయోక్తి అని కొట్టిపారేసేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వారు బ్రిటిష్ కాలపు న్యాయస్థానాలు అమలుచేసిన హిందూ చట్టాన్ని ఒకసారి పరిశీలించాలి.

ఆ చట్టంలో వివాహం కాని సంబంధానికీ ఒక స్థానం ఉండేది. ఒక పురుషుడి వద్ద ఆయన జీవితాంతం ఉండిపోయిన స్త్రీని అవరుద్ధ స్త్రీ అనేవారు. అతను చనిపోయాక అతని ఆస్తి నుంచి ఆమెకు పోషణ మాత్రం దక్కేది, అదీ ఆమె మరొకరితో సంబంధం పెట్టుకోనంత వరకే. ఆస్తిలో వారసత్వం లేదు. ఆమెకు పుట్టిన కొడుకు సంగతి తండ్రి వర్ణాన్ని బట్టి మారేది. తండ్రి ద్విజుడైతే ఆ కొడుక్కి పోషణే గాని వాటా లేదు. తండ్రి శూద్రుడైతే, అతని వద్దే స్థిరంగా ఉండిపోయిన స్త్రీకి పుట్టిన ఆ దాసీపుత్రుడికి ఆస్తిలో కొంత వాటా ఉండేది. పైకి ఇది శూద్రులకు చూపిన ఉదారత వలె కనిపిస్తుంది. నిజానికి ఇందులో దాగి ఉన్న భావన వేరు. ద్విజుడి వివాహం పవిత్ర సంస్కారం కాబట్టి భార్యకూ ఉంపుడుగత్తెకూ నడుమ దాటరాని గోడ ఉంటుంది. శూద్రుడికి ఆ పవిత్రత లేదు కాబట్టి గోడ అంత ఎత్తుగా ఉండనక్కర లేదు. ఆధునిక న్యాయస్థానాలు సైతం ఒక కులం ద్విజ కులమా, శూద్ర కులమా అని విచారించి, ఆ మేరకు బిడ్డకు ఎంత దక్కాలో తేల్చేవి. అంటే పెరియార్ ఆరోపించిన అవమానం పాత తాళపత్రాల్లోనే ఉండిపోలేదు, న్యాయస్థానం ఇచ్చే డిక్రీలోనూ ఉంది.

ఈ నేపథ్యంలో పుట్టినదే ఆత్మగౌరవ వివాహం. 1928 మే నెలలో నాటి రామనాథపురం జిల్లాలోని సుక్కిలనత్తం గ్రామంలో పెరియార్ ఆధ్వర్యంలో తొలి ఆత్మగౌరవ వివాహం జరిగిందని ఉద్యమ చరిత్రలు నమోదు చేశాయి. పురోహితుడు లేడు, హోమం లేదు, అర్థం తెలియని మంత్రాలు లేవు. వధూవరులు అందరికీ తెలిసిన భాషలో ఒకరినొకరు జీవిత సహచరులుగా ప్రకటించుకుంటారు, దండలు మార్చుకుంటారు. తరువాత ఉపన్యాసాలు ఉంటాయి. అవి పెళ్లి గురించే కాక కులం, మూఢనమ్మకాలు, స్త్రీల ఆస్తి హక్కుల గురించీ సాగేవి. ముహూర్తం చూడకపోవడమే కాదు, పనిగట్టుకుని రాహుకాలంలో జరిపిన పెళ్లిళ్లూ ఉన్నాయి. కులాంతర వివాహాలకు, వితంతు వివాహాలకు ఈ పద్ధతి గొప్ప ఆసరా అయింది. ఖర్చు తగ్గింది కాబట్టి పేద కుటుంబాలు అప్పుల నుంచి బయటపడ్డాయి. పెరియార్ దీనిని పెళ్లి అనడానికి కూడా ఇష్టపడలేదు, జీవిత సహచర ఒప్పందం అన్నారు. ఒప్పందం అన్నాక ఇద్దరూ సమానులు కావాలి, కుదరనప్పుడు విడిపోయే స్వేచ్ఛ ఉండాలి. 1929 ఫిబ్రవరిలో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ స్త్రీలకు సమాన ఆస్తి హక్కును, విడాకుల హక్కును, వితంతువుల పునర్వివాహ హక్కును కోరింది. హిందూ స్త్రీకి ఆ హక్కులు చట్టంలో కొంత మేరకైనా చేరడానికి మరో పాతికేళ్లు పట్టింది.

మన తెలుగు నేలకు ఇటువంటి ఆలోచన కొత్తది కాదు. 1881లో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. త్రిపురనేని రామస్వామి చౌదరి సంస్కృత మంత్రాల స్థానంలో తెలుగులో వివాహ విధిని రచించి, బ్రాహ్మణేతరుల చేత పెళ్లిళ్లు జరిపించారు. గోరా నాస్తిక కేంద్రం కులాంతర వివాహాలను ఒక కార్యక్రమంగా చేపట్టింది. నాడు కోస్తా, రాయలసీమ జిల్లాలూ మద్రాసు రాష్ట్రంలోనివే. కాబట్టి ఆత్మగౌరవ వివాహానికి చట్టం ఇచ్చిన జవాబు మనకూ ఇచ్చిన జవాబే.

ఆ జవాబు ఏమిటో చెప్పే ముందు మరొక సంగతి గమనించాలి. మతం పేరిట సంస్కరణ కోరిన వారికి వలస ప్రభుత్వం చట్టాలు చేసి పెట్టింది. బ్రహ్మసమాజం వారి కోరిక నుంచి 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టం వచ్చింది. సిక్కుల ఆనంద్ వివాహానికి 1909లో చట్టబద్ధత దక్కింది. ఆర్యసమాజీయుల కులాంతర వివాహాలకు 1937లో చట్టం వచ్చింది. ఏ మతం పేరూ చెప్పకుండా, పురోహితుడినే కాదన్న శూద్రుల పెళ్లికి మాత్రం చట్టం రాలేదు. 1872 చట్టం కింద నమోదు చేసుకోవచ్చు కదా అనవచ్చు. 1923 వరకు ఆ దారిలో వెళ్లాలంటే తాము హిందువులం కామని వధూవరులు ప్రకటించాలి. 1923 సవరణ ఆ షరతును హిందువులకు తొలగించింది కానీ, ఆ చట్టం కింద పెళ్లాడిన వాడు ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడినట్టే లెక్క. అతడు ఒక్కడే కొడుకైతే, తండ్రి మరొకరిని దత్తత తీసుకోవచ్చు. అంటే కులం దాటినవాడిని బతికుండగానే కొడుకుల లెక్కలో నుంచి తీసివేసే ఏర్పాటు అది.

1933 మేలో నాగమ్మ మరణించారు. ఆమె వైకోం సత్యాగ్రహంలో పాల్గొన్న వ్యక్తి, కుడి అరసు నిర్వహణలో భాగం పంచుకున్న వ్యక్తి. ఆమె మరణంపై పెరియార్ రాసిన వ్యాసంలో దుఃఖప్రదర్శన లేదు. తాను లోకానికి చెప్పిన స్త్రీ స్వేచ్ఛను నాగమ్మ విషయంలో తాను ఆచరించలేకపోయానని ఆయన ఒప్పుకున్నారు. తన ఇంట్లో తాను సాంప్రదాయిక భర్తగానే మిగిలిపోయానని బహిరంగంగా రాయగలిగిన సంస్కర్తలు చరిత్రలో చాలా అరుదు. అయితే ఒప్పుకోలు వేరు, పరిహారం వేరు అన్న విషయాన్నీ మనం మరవకూడదు.

ఆ తరువాతి దశాబ్దంలో ఆయన హిందీ వ్యతిరేకోద్యమంలో జైలుకు వెళ్లారు. 1938లో మద్రాసులో జరిగిన మహిళా మహాసభ ఆయనకు పెరియార్ అన్న పేరు ఇచ్చింది. ఆ పేరు ఇచ్చింది స్త్రీలే అన్నది గుర్తుంచుకోదగిన విషయం. 1944లో సేలంలో జస్టిస్ పార్టీ ద్రావిడర్ కళగంగా మారింది. ఉద్యమానికి ఆస్తులు, పత్రికలు, భవనాలు సమకూరాయి. చట్టప్రకారం వాటిలో చాలా భాగం పెరియార్ పేరిటే ఉన్నాయి. ఆయనకు సంతానం లేదు. ఆయన తరువాత ఆ ఆస్తి ఎవరికి చెందాలన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

1949 జూలై 9న డెబ్బయ్యో పడికి చేరువవుతున్న పెరియార్, కొన్నేళ్లుగా తన సంరక్షణ చూస్తూ ఉద్యమంలో పనిచేస్తున్న మణియమ్మను నమోదు వివాహం చేసుకున్నారు. ఇద్దరి నడుమ సుమారు నలభై ఏళ్ల తేడా ఉంది. ముసలివారు చిన్న వయసు స్త్రీలను పెళ్లాడడాన్ని జీవితమంతా ఖండించిన మనిషి ఈ పని చేయడం అనుచరులను కలవరపరిచింది. ఉద్యమ ఆస్తిని కాపాడడానికి నమ్మకమైన, చట్టబద్ధమైన వారసురాలు కావాలన్నది ఆయన ఇచ్చిన వివరణ. దానిని నమ్మినవారు ఉన్నారు, నమ్మనివారు ఉన్నారు. అణ్ణాదురై సహా ముఖ్య అనుచరులు బయటకు వెళ్లి, సెప్టెంబరు 17న, అంటే పెరియార్ పుట్టినరోజునే, ద్రావిడ మున్నేట్ర కళగంను స్థాపించారు.

వ్యక్తిగత విమర్శను పక్కనపెట్టి చట్టం కోణం నుంచి చూస్తే ఈ ఉదంతం ఒక చేదు నిజాన్ని బయటపెడుతుంది. నాటి హిందూ చట్టం ప్రకారం ఆడపిల్లను దత్తత తీసుకునే వీలు లేదు, దత్తత కొడుకునే తీసుకోవాలి. ఆ నియమం 1956 దాకా మారలేదు. సహచరిగా, సహాయకురాలిగా ఎన్నేళ్లు కలిసి పనిచేసినా ఒక స్త్రీకి వారసత్వం రాదు. వీలునామా రాయవచ్చు, కానీ దాయాదులు దానిని న్యాయస్థానానికి ఈడ్చవచ్చు. ఒక స్త్రీని ఎవరూ ప్రశ్నించలేని వారసురాలిని చేయాలంటే చట్టం తెరిచి ఉంచిన తలుపు ఒక్కటే, ఆమెను భార్యను చేయడం. వివాహ వ్యవస్థను అంత తీవ్రంగా ప్రశ్నించిన మనిషి సైతం ఆస్తి విషయానికి వచ్చేసరికి ఆ తలుపు ముందే నిలబడవలసి వచ్చింది. ఆయన ఆత్మగౌరవ పద్ధతిని కాక నమోదు కార్యాలయాన్ని ఎంచుకోవడం మరింత గమనించదగినది. తాను వేల మందికి చేయించిన పెళ్లి న్యాయస్థానంలో నిలుస్తుందన్న భరోసా నాటికి లేదు. అనుచరుల దంపతులు మాత్రం ఆ భరోసా లేకుండానే బతుకుతున్నారు.

నాలుగేళ్లకే ఆ భయం నిజమైంది. 1930లలో ఆత్మగౌరవ పద్ధతిలో జరిగిన ఒక వివాహం, ఒక చెట్టియార్ కుటుంబపు ఆస్తి తగాదాలో భాగంగా మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చింది. 1953లో ఆ పెళ్లి చెల్లదని హైకోర్టు తీర్పు చెప్పింది. శాస్త్రం కోరిన క్రతువులు జరగలేదు, ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు కాలేదు. ఆచారంగా గుర్తిద్దామంటే ఆచారానికి ప్రాచీనత కావాలి, కొన్నేళ్ల కిందట పుట్టిన ఉద్యమ పద్ధతి ఆచారం కాజాలదు. కొత్త వివాహ పద్ధతిని సృష్టించే అధికారం శాసనసభదే గాని ఒక సమూహానిది కాదు. తర్కంగా చూస్తే ఇది చట్టం లోపల నుంచి చేసిన తర్కమే. ఫలితం మాత్రం దారుణం. తమిళ, తెలుగు జిల్లాల్లో పాతికేళ్లుగా సగౌరవంగా కాపురం చేస్తున్న వేలాది స్త్రీల హోదా ప్రశ్నార్థకమైంది. వారి పిల్లలు అక్రమ సంతానం అన్న ముద్రకు గురయ్యే ప్రమాదంలో పడ్డారు. దాసికి పుట్టినవాడు అన్న అవమానాన్ని వదిలించుకోవడానికి పుట్టిన పెళ్లి నుంచే, ఆ ముద్ర మళ్లీ న్యాయస్థానం ద్వారా వచ్చి పడింది. పాత కులాచారం పాతది కాబట్టి చెల్లుతుంది, సమానత్వం కొత్తది కాబట్టి చెల్లదు. ఈ తీర్పు నాటికి ఆంధ్రకు సొంత హైకోర్టు లేదు, 1954 జూలైలో గుంటూరులో అది ఏర్పడింది. మద్రాసు పాత తీర్పులు దానికి వారసత్వంగా వచ్చాయి.

1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. విడాకులు వచ్చాయి, బహుభార్యత్వం నిషిద్ధమైంది, కులాంతర వివాహానికి ఆటంకం తొలగింది. కానీ ఏడో సెక్షన్ మాత్రం వధూవరుల్లో ఒకరి ఆచారం ప్రకారం క్రతువు జరగాలన్న నియమాన్ని నిలిపింది. ఆచారం అంటే దీర్ఘకాలంగా, ఎడతెగకుండా పాటించినదేనని నిర్వచించింది. ఈ నియమం మగవాడికి ఎంత అనుకూలమో 1965లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు తేల్చింది. మహారాష్ట్రలో రెండో పెళ్లి చేసుకున్న ఒక వ్యక్తిపై ద్విభార్యత్వ నేరం మోపితే, ఆ రెండో పెళ్లిలో అవసరమైన క్రతువులు జరిగినట్టు రుజువు కాలేదు కాబట్టి అసలు పెళ్లే జరగలేదని, కనుక నేరమూ లేదని న్యాయస్థానం తేల్చింది. క్రతువు లోపిస్తే మొదటి భార్యకు న్యాయం లేదు, రెండో స్త్రీకి భార్య హోదా లేదు, పురుషుడికి శిక్ష లేదు.

1957 నవంబరు 26న పెరియార్ పిలుపు మేరకు ఆయన అనుచరులు రాజ్యాంగంలో కులానికి రక్షణ ఉందంటూ దాని ప్రతులను తగలబెట్టి వేల సంఖ్యలో జైలుకు వెళ్లారు. రాజ్యాంగాన్ని అంబేడ్కర్ వారసత్వంగా గౌరవించే మనకు ఆ పని మింగుడుపడదు, పడనక్కర లేదు కూడా. కానీ రాజ్యాంగం వచ్చాక కూడా పాత హిందూ చట్టం న్యాయస్థానాల్లో కొనసాగడాన్ని కళ్లారా చూసిన తరం కోపం అది అని గుర్తిస్తే, దాని మూలం అర్థమవుతుంది.

1967 ఎన్నికల్లో ద్రావిడ మున్నేట్ర కళగం గెలిచింది. పెరియార్ వివాహాన్ని నిరసించి పద్దెనిమిదేళ్ల కిందట విడిపోయిన అణ్ణాదురై ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ప్రభుత్వం చేసిన తొలి పనుల్లో ఒకటి హిందూ వివాహ చట్టానికి 7-ఏ సెక్షన్‌ను చేర్చే సవరణ. బంధువులు, మిత్రులు లేదా ఇతరుల సమక్షంలో ఇద్దరూ తమకు తెలిసిన భాషలో ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నట్టు చెప్పినా, దండలో ఉంగరాలో మార్చుకున్నా, తాళి కట్టినా పెళ్లి జరిగినట్టే. పురోహితుడు అవసరం లేదు. అంతకుముందు జరిగిన ఆత్మగౌరవ వివాహాలకూ ఇది వర్తించింది. 1968 జనవరిలో రాష్ట్రపతి ఆమోదం లభించింది. వేలాది ఇళ్లలో, అప్పటికే నెరిసిన జుట్టుతో ఉన్న స్త్రీలు ఒక్క చట్టంతో భార్యలయ్యారు, ఎదిగిన పిల్లలు సక్రమ సంతానమయ్యారు. గురువుతో విభేదించిన శిష్యుడు గురువు జీవితాశయాన్ని చట్టం చేశాడు. 1971లో పుదుచ్చేరి కూడా ఇటువంటి సవరణ తెచ్చుకుంది. పెరియార్ 1973 డిసెంబరు 24న వేలూరులో మరణించారు. ఆయన తరువాత కళగం నాయకత్వాన్ని మణియమ్మ 1978లో తాను మరణించేదాకా నిర్వహించారు. ఆమెను కేవలం వారసురాలిగా చూసినవారికి అదే సమాధానం.

ఆ సవరణ ఫలితాలు ఆ తరంతో ఆగలేదు. 2001లో సుప్రీంకోర్టు, 7-ఏ పద్ధతిలో జరిగిన రెండో పెళ్లి కూడా పెళ్లే కాబట్టి, సప్తపది జరగలేదన్న సాకుతో భర్త ద్విభార్యత్వ నేరం నుంచి తప్పించుకోలేడని చెప్పింది. 1965 నాటి కంత తమిళనాడు వరకైనా మూసుకుంది. 2023లో ఈ పెళ్లికి బహిరంగ ప్రకటన తప్పనిసరి కాదని, న్యాయవాదులు మిత్రులుగానో బంధువులుగానో దానిని జరిపించవచ్చని కూడా సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ప్రాణభయంతో ఊరు వదిలి వచ్చే కులాంతర జంటలకు ఊరందరి ఎదుట పెళ్లి చేసుకోమనడం ఎంత ప్రమాదమో ఆ తీర్పు గుర్తించింది.

ఇక మన సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో గాని తెలంగాణలో గాని 7-ఏ వంటి సెక్షన్ లేదు. ఆదర్శ వివాహాల పేరిట, సభావేదికల మీద దండలు మార్చుకున్న జంటలు ఉభయ రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి. తమ పెళ్లి తరువాత నమోదు చేయించుకున్నాం కదా అని ధైర్యంగా ఉన్నవారికి 2024లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒక హెచ్చరిక. హిందూ వివాహ చట్టం కింద క్రతువు జరగకుండా ధ్రువపత్రం ఒక్కటే పెళ్లి కాదని అది చెప్పింది. నమోదు పెళ్లికి రుజువు అవుతుంది గాని పెళ్లిని సృష్టించదు. ప్రత్యేక వివాహ చట్టం దారి ఉంది, అది క్రతువు అడగదు. కానీ ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసును కార్యాలయంలో అందరికీ కనిపించేలా అంటించాలి. 2018లో మిర్యాలగూడలో కులం దాటి పెళ్లి చేసుకున్నందుకు ఒక దళిత యువకుడు భార్య కళ్లెదుటే హత్యకు గురైన నేల మీద ఆ ముప్ఫై రోజులంటే ఏమిటో వివరించనక్కర లేదు.

పెళ్లి నిరూపణ కాకపోతే చట్టంలో మిగిలేది సహజీవనం. ఈ రెండింటి మధ్య తేడా మాటల తేడా కాదు. భర్త వీలునామా రాయకుండా చనిపోతే భార్య, పిల్లలతోనూ అత్తతోనూ సమానంగా మొదటి తరగతి వారసురాలు. సహచరికి ఏ వాటా లేదు. కుటుంబ పింఛను, పరిహారం వంటివి ముందుగా అడిగేది భార్య హోదానే. విడిపోవాలంటే భార్యకు విడాకుల ప్రక్రియ, భరణం ఉన్నాయి. సహచరిని ఒక ఉదయం తలుపు వేసి బయటకు పంపవచ్చు. 2005 గృహహింస చట్టం వివాహ స్వభావం గల సంబంధాన్ని గుర్తించి కొంత రక్షణ ఇచ్చింది. అయితే 2010లో సుప్రీంకోర్టు ఆ రక్షణకు షరతులు పెట్టింది. ఇద్దరూ పెళ్లికి అర్హులై ఉండాలి, చాలాకాలం కలిసి ఉండాలి, సమాజంలో భార్యాభర్తలుగా కనిపించాలి. చాలాకాలం దంపతులుగా బతికినవారిని దంపతులుగానే భావించాలన్న నియమం సాక్ష్య చట్టం నుంచి వచ్చింది. అది 2022లో ఒక కొడుకుకు ఆస్తిలో వాటా దక్కేలా చేసింది. కానీ అది భావన మాత్రమే, ఎదుటి పక్షం దానిని ఖండించవచ్చు. సమాజం దంపతులుగా గుర్తించాలన్న షరతులోనే కులం దాగి ఉంది. కులాంతర జంటను గుర్తించనిదే ఆ సమాజం. వెలివేసిన బంధువుల సాక్ష్యమే చివరకు ఆమె హోదాను తేల్చాలి.

సహజీవనాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఉండాలనడం ఒకటి, పెళ్లి చేసుకున్నవారిని చట్టం సహజీవనంలోకి నెట్టడం మరొకటి. మొదటిదాని విషయంలో రాజ్యం నేడు ఎటు పోతున్నదో ఉత్తరాఖండ్‌లో చూస్తున్నాం. అక్కడ ఉమ్మడి పౌరస్మృతి సహజీవనాన్ని కూడా ప్రభుత్వం వద్ద నమోదు చేయమంటోంది, చేయకపోతే శిక్ష అంటోంది. హక్కుల కోసం నమోదు వేరు, నిఘా కోసం నమోదు వేరు. పెరియార్ కోరింది రాజ్యం పడకగదిలోకి తొంగి చూడాలని కాదు. ఇద్దరు సమానులు చేసుకున్న ఒప్పందాన్ని పురోహితుడి ముద్ర లేదన్న కారణంతో రాజ్యం కాదనకూడదని మాత్రమే.

వివాహం ఉమ్మడి జాబితాలోని అంశం. తమిళనాడు చేసిన సవరణను ఉభయ తెలుగు రాష్ట్రాల శాసనసభలు చేసి రాష్ట్రపతి ఆమోదానికి పంపడానికి రాజ్యాంగపరమైన అడ్డంకి లేదు. బడ్జెట్ కేటాయింపు అక్కర లేదు. సామాజిక న్యాయం పేరిట విగ్రహాలు నిలబెట్టే పార్టీలు ఆ చిన్న సవరణ గురించి ఎన్నడూ మాట్లాడలేదు. పూలే, అంబేడ్కర్, పెరియార్ చిత్రపటాల ముందు దండలు మార్చుకున్న యువతీయువకులు అప్పటివరకు ఒక పని చేయాలి. ప్రత్యేక వివాహ చట్టం కింద తమ పెళ్లిని నమోదు చేయించుకోవాలి. అప్పటికే దంపతులుగా కలిసి బతుకుతున్నవారికీ ఆ చట్టంలో నమోదు వీలుంది, నోటీసు గడువు అందులోనూ తప్పదు కాబట్టి తోడుగా నిలిచే విద్యార్థి, ప్రజాసంఘాల అండతో వెళ్లాలి. పెరియార్ సైతం తన విషయంలో ఆ కార్యాలయానికే వెళ్లారు. ఆయన అక్కడికి వెళ్లవలసి వచ్చిన కారణం డెబ్బయ్యేళ్లు దాటినా తెలుగు నేల మీద ఇంకా తొలగలేదు. దానిని తొలగించమని శాసనసభను అడగడం ఈ తరం విద్యార్థుల వంతు.